మూడు ఊళ్ళు, ఒక ఎర్ర మ్యాపు: ఉద్దానం కిడ్నీ క్యాంపు షీటుపై కేస్ స్టడీ

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఉన్న కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు కలిసిన ఉద్దానం ప్రాంతానికి కిడ్నీ జబ్బు లెక్కలు కొత్త కాదు. ఏళ్ల తరబడి ఎవరో ఒకరు వస్తున్నారు, రక్తం తీస్తున్నారు, ఒక శాతం చెప్పి వెళ్తున్నారు. 2019, 2020లలో వైద్య జర్నల్‌లో వచ్చిన రెండు సర్వేలు ఇక్కడి పెద్దవాళ్ళలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు లక్షణం ఉందని తేల్చాయి. అంత బరువైన సమస్య ఉన్నచోట బొమ్మ ఎలా గీసినా నిజమే కనిపిస్తుందని అనుకోవడం సహజం. అలా జరగదు. ఉద్దానం మ్యాపుల్లో నేను చూసే తప్పుల్లో ఎక్కువ భాగం రంగుల దగ్గర పుట్టవు, హారం దగ్గర పుడతాయి.

ఈ కేసు పాఠం కోసం కట్టినది. విద్యార్థుల ప్రాజెక్టులకు వచ్చే క్యాంపు షీట్లలో మామూలుగా ఉండే లోపాలన్నీ ఒకే షీటులోకి తెచ్చాం. అంచేత కింద గ్రామాల పేరిట వచ్చే అంకెలు నిజమైన ఏ ఊరివీ కావు. ఊళ్ళను అ, ఆ, ఇ అని పిలుస్తాం; 'ఆ గ్రామం' అన్నచోటల్లా రెండో ఊరే. ఫార్ములాలు, కొలతల హద్దులు, తేదీలు మాత్రం అసలువే.

షీటు, మొదటి బొమ్మ

ఎక్సెల్ షీటులో 930 వరుసలు. ఒక్కో వరుసకు పేరు, వయసు, ఆడా మగా, ఊరు, బీపీ, షుగరు, మూత్రపు స్ట్రిప్ ఫలితం, సీరం క్రియాటినిన్, తేదీ, ల్యాబు పేరు. విద్యార్థి చేసిన పని చూడ్డానికి శుభ్రంగా ఉంది. క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) నుంచి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత జోరుగా వడకడుతున్నాయో చెప్పే అంచనా, లెక్క కట్టాడు. 60 కన్నా తక్కువ వచ్చినవాళ్ళను 'జబ్బు' అని గుర్తించాడు. ఊరివారీగా శాతం తీసి, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో లేత గులాబీ నుంచి ముదురు ఎరుపు దాకా రంగు వేశాడు.

అ గ్రామంలో 500 మందిలో 90, అంటే 18 శాతం. ఆ గ్రామంలో 400లో 105, అంటే 26 శాతం. ఇ గ్రామంలో 30లో 9, అంటే 30 శాతం. పైన శీర్షిక: 'ఇ గ్రామంలో ప్రతి ముగ్గురిలో ఒకరికి కిడ్నీ జబ్బు'. ముప్పై శాతాన్ని ముగ్గురిలో ఒకరు అనడమే మొదటి పెంపు. పదిమందిలో ముగ్గురు అంటే అంకెకు అంకె సరిపోతుంది, శీర్షికకూ ఏ లోటూ రాదు.

బొమ్మ కింద విద్యార్థి తన నోట్సులో నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. ఒక్క పరీక్షతో జబ్బు అనొచ్చా? క్యాంపుకు ఎవరొచ్చారు? ఇ ఊరు ఒక్కటే అంత ఎరుపేమిటి? ఊరివాళ్ళు ఈ బొమ్మ చూస్తే ఏమవుతుంది? మ్యాపు కన్నా ఈ నాలుగు ప్రశ్నలే విలువైనవి. వాటిని వరసగా పట్టుకుని షీటును మళ్ళీ విప్పుదాం.

లవంలోకి ఎవరు వచ్చారు

ఊళ్ళలో ఓపీ చీటీ చూసి అడిగే మొదటి మాట 'క్రియాటిన్ ఎంత?' అని. ఆ ఒక్క అంకె ఆడవారికీ మగవారికీ ఒకే అర్థం ఇవ్వదు. కండ ఎక్కువున్న ఒంట్లో క్రియాటినిన్ సహజంగానే ఎక్కువ తయారవుతుంది. ఈజీఎఫ్ఆర్ కట్టే 2021 నాటి సీకేడీ-ఎపి ఫార్ములా ఇలా పనిచేస్తుంది. క్రియాటినిన్‌ను మగవారికి 0.9తో, ఆడవారికి 0.7తో భాగించాలి. వచ్చినది 1 దాటితే దాన్ని మైనస్ 1.2 ఘాతానికి పెంచాలి. 1 లోపలుంటే ఘాతం మగవారికి మైనస్ 0.302, ఆడవారికి మైనస్ 0.241. దాన్ని 142తోనూ, 0.9938ను వయసు ఘాతానికి పెంచగా వచ్చినదానితోనూ గుణించాలి. ఆడవారైతే చివర 1.012తో ఇంకోసారి.

యాభై ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.3 ఉంటే ఈజీఎఫ్ఆర్ 67. అదే వయసు ఆడమనిషికి అదే 1.3 ఉంటే 50. ఆయన 60 గీతకు పైన, ఆవిడ గీతకు కింద. అందరికీ ఒకే క్రియాటినిన్ హద్దు పెట్టి గీసిన పాత క్యాంపు చార్టుల్లో ఆడవారి జబ్బు సగం దాక్కుని ఉంటుంది. ఈ విద్యార్థి ఈజీఎఫ్ఆర్‌కు మార్చుకున్నాడు గనుక ఆ గోతిలో పడలేదు.

కానీ 60 గీతకు దగ్గరున్నవాళ్ళ సంగతి వేరు. యాభై ఏళ్ల మగమనిషికి 1.4 ఉంటే 61 వస్తుంది, 1.5 అయితే 56. దశాంశం తర్వాత ఒక్క అంకె కదిలితే 'బాగున్నాడు' కాస్తా 'జబ్బు' అయిపోతాడు. వయసు తప్పుపడినా అంతే: 1.4 ఉన్న అదే మనిషి వయసు 60 అని రాస్తే 57.5కు దిగిపోతాడు. ఫార్ములా మార్చినా అంతే: 2009 నాటి సీకేడీ-ఎపిలో 1.4కు 58, 2021 దాంట్లో 61. ఒకే మనిషి, ఒకే రక్తం. ఏ ఫార్ములా వాడారో రాయని చార్టును వేరే చార్టు పక్కన పెట్టకూడదు.

వయసు కాలమ్‌ను ఎవరూ అనుమానించరు, అనుమానించాల్సింది దాన్నే. వయసుల బార్ చార్టు ఒకటి గీసి చూడండి. 40, 45, 50, 55, 60 దగ్గర బార్లు తాటిచెట్లలా లేచి, మధ్యవి పొట్టిగా ఉంటే అవి చెప్పిన వయసులు కావు, అంచనా వేసి రాసినవి. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉన్న వరుసలు ఎన్నో లెక్కపెట్టండి. వృద్ధాప్య పింఛను 60కి మొదలవుతుంది గనుక ఆ చుట్టుపక్కల వయసులు మరీ జాగ్రత్తగా చూడాలి. పరిష్కారం పెద్దదేమీ కాదు: వయసును ఐదేళ్లు అటూ ఇటూ జరిపి లెక్క మళ్ళీ కట్టి, ఊరి శాతం ఎంత కదిలిందో పక్కన రాయాలి.

తర్వాత ల్యాబు కాలమ్. ఈ షీటులో అ గ్రామం నమూనాలు ఒక ల్యాబుకు, ఆ, ఇ గ్రామాలవి ఇంకో ల్యాబుకు వెళ్ళాయి. క్రియాటినిన్‌ను జాఫే పద్ధతిలో కొలిచే చోట్లున్నాయి, ఎంజైమ్ పద్ధతిలో కొలిచే చోట్లున్నాయి. జాఫే పద్ధతిలో రక్తంలోని వేరే పదార్థాలు కూడా రంగునిచ్చి అంకెను పెంచగలవు. బడి వరండాలో తీసిన రక్తం సీరం వేరు చేయకుండా మర్నాటిదాకా ఉండిపోతే ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ. రెండు ల్యాబుల మధ్య 0.1 తేడా ఉన్నా, పైన చూసినట్టు, గీత దగ్గరున్నవాళ్ళంతా అటువాళ్ళు ఇటైపోతారు. అప్పుడు మ్యాపు మీద కనిపించేవి ఊళ్ళు కావు, ల్యాబులు. దీనికి పరీక్ష: ఊరి రంగు తీసేసి ల్యాబు పేరుతో రంగు వేయాలి. రెండు మ్యాపులూ ఒకేలా ఉంటే అక్కడ ఆగాలి. కొన్ని నమూనాలను రెండు ల్యాబుల్లోనూ చేయించి, తేడా ఎంతో తేల్చుకుని గానీ ముందుకు పోకూడదు.

ఇప్పుడు విద్యార్థి మొదటి ప్రశ్న. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువగా గానీ, మూత్రంలో ఆల్బుమిన్ లాంటి దెబ్బతిన్న గుర్తు గానీ కనీసం 3 నెలలు ఉండాలి. కేడీఐజీఓ అనే అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ మార్గదర్శకాల్లో ఉన్న షరతు అది. క్యాంపుల్లో ఎగిరిపోయే షరతు కూడా అదే. మే నెలలో జీడితోటలో పొద్దుటి నుంచి పనిచేసి, నీళ్లు సరిగా తాగక, మధ్యాహ్నం క్యాంపుకొచ్చి రక్తమిచ్చిన మనిషికి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగి ఉండొచ్చు. ముందుపూట వండిన మాంసం దండిగా తిన్నా కాస్త పెరుగుతుంది. ఒళ్ళునొప్పులకు మెడికల్ షాపులో కొన్న నొప్పి మాత్రలు వారంగా మింగుతున్నవాళ్ళూ ఉంటారు. వీళ్ళలో కొందరి అంకె నెలల్లో వెనక్కి వస్తుంది. అందుకని ఒక్క పరీక్ష చార్టు మీద 'జబ్బు' అని రాయకూడదు. 'ఒక పరీక్షలో ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువ' అని రాయాలి. పొడుగే, అయినా అదే నిజం.

స్ట్రిప్ ఫలితాన్ని విద్యార్థి లెక్కలోకి తీసుకోలేదు. తీసుకున్నా పెద్దగా సాయపడేది కాదు. ఉద్దానంలో కనిపించే రకం జబ్బు ఎక్కువగా కిడ్నీలోని సన్నని నాళాలనూ వాటి చుట్టూ ఉండే కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. మూత్రంలో ప్రొటీన్ తక్కువగానో, అసలు లేకుండానో ఉంటుంది. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బును పట్టడానికి అలవాటుపడ్డ స్ట్రిప్ ఇక్కడ 'ఏమీ లేదు' అని చెప్పి పంపేయగలదు. వీలున్నచోట ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించాలి. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే లెక్కలోకి వస్తుంది.

'కారణం తెలియని' అనే మాట చార్టు మీద వాడాలంటే ఇంకో చిక్కు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళను తీసేసి మిగిలినవాళ్ళను ఆ పేరుతో పిలవడం రివాజు. అయితే కిడ్నీ చెడితే బీపీ దానంతటదే పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్ళందరినీ తీసేస్తే జబ్బు ముదిరినవాళ్ళనే ఏరి బయట పారేసినట్టవుతుంది. అందుకే కొందరు బాగా పెరిగిన బీపీ ఉన్నవాళ్ళను మాత్రమే తీసేస్తారు. ఏ హద్దు వాడినా దాన్ని బొమ్మ కిందే రాయాలి, రిపోర్టు 40వ పేజీలో కాదు.

హారం

930 మంది ఎవరు? షీటులో దీనికి జవాబు లేదు. ఏఎన్ఎం దగ్గర ఇంటింటి జాబితా ఉంటుంది. ఊరికి 18 ఏళ్లు దాటినవాళ్ళు ఎంతమంది, అందులో క్యాంపుకు వచ్చినవాళ్ళు ఎంతమంది అనే రెండు అంకెలు రాసుకోకుండా శాతం కట్టడం అంటే తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళను చూసి ఇంట్లోవాళ్ళ గురించి చెప్పడమే.

క్యాంపుకు వచ్చేవాళ్ళకు ఒక తీరుంటుంది. పగలు పదకొండు గంటలకు బడి దగ్గర టెంటు వేస్తే ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ వస్తారు. తోటల్లోనూ వేట మీదా ఉన్న మగవాళ్ళు రారు. ఈ తీరంలో యువకులు చెన్నై, హైదరాబాదు, విశాఖ పోతారు. మత్స్యకారులైతే గుజరాత్ వీరావల్ దాకా బోట్ల మీద పనికి పోతారు. ఊళ్ళో మిగిలేది పెద్దవయసు. మరోపక్క, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బున్న కుటుంబం మొత్తం క్యాంపుకు వస్తుంది, ఏమీ లేనివాళ్ళు 'మనకెందుకు' అని ఊరుకుంటారు. ఇంకోపక్క, వారానికి రెండు మూడుసార్లు పలాసకో సోంపేటకో డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు ఆ రోజు ఊళ్ళోనే ఉండరు. ఒకటి శాతాన్ని పెంచుతుంది, ఒకటి తగ్గిస్తుంది. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని ఆశపడటానికి ఆధారమేమీ లేదు.

డయాలసిస్‌లో ఉన్నవాళ్ళు వచ్చినా వాళ్ళ క్రియాటినిన్‌ను ఫార్ములాలో వేయకూడదు. యంత్రం కడిగాక వచ్చిన అంకె కిడ్నీ గురించి ఏమీ చెప్పదు. వాళ్ళను వేరే వరుసలో, నేరుగా తలలు లెక్కపెట్టి రాయాలి.

వయసు తేడా ఎంత మోసం చేస్తుందో ఈ షీటులోనే చూడొచ్చు. అ గ్రామంలో 18-39 ఏళ్లవారు 200 మందిలో 10, 40-59 వారు 200లో 40, 60 దాటినవారు 100లో 40 గీత కిందున్నారు. శాతాలుగా 5, 20, 40. ఆ గ్రామంలో అదే వరసలో 50లో 2, 150లో 27, 200లో 76. శాతాలుగా 4, 18, 38. ఏ వయసు తీసుకున్నా ఆ గ్రామంలోనే తక్కువ. మొత్తం చూస్తే మాత్రం అ 18, ఆ 26. వలసపోయి ముసలివాళ్ళు మిగిలిన ఊరు గనుక ఎర్రగా కనబడింది, అంతే.

సరిచేయడానికి రెండు ఊళ్ళకూ ఒకే వయసు వాటాలు వేయాలి. ఉదాహరణకు 50, 35, 15 శాతం అనుకుందాం. అ గ్రామానికి 2.5, 7, 6 కలిపి 15.5 శాతం. ఆ గ్రామానికి 2, 6.3, 5.7 కలిపి 14 శాతం. మ్యాపు తిరగబడింది. ఈ మూడు వాటాలను సొంతంగా ఊహించకుండా జనగణన వయసు పట్టికలోంచి తీసుకోవాలి, ఏ పట్టిక అన్నది రాయాలి. ఇలా సర్దిన శాతం పోల్చడానికి మాత్రమే. ఆ గ్రామానికి ఎన్ని మందులు, ఎన్ని మంచాలు కావాలో లెక్కవేసే పీహెచ్‌సీ డాక్టరుకు కావాల్సింది సర్దని అంకే: 105 మంది. విద్యార్థులు ఒకసారి సర్దడం నేర్చాక ముడి అంకెను పారేస్తారు. రెండూ ఉంచాలి.

జిల్లా స్థాయి హారంతో ఆడే ఆట వేరు. 2011 జనగణనలో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114. ఇప్పటికీ చాలా రిపోర్టుల్లో హారం ఇదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాలకొండ వైపు పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం వైపు విజయనగరం జిల్లాకు వెళ్ళాయి. కొత్త జిల్లా రోగుల సంఖ్యను పాత జిల్లా జనాభాతో భాగిస్తే రేటు ఊరికే పడిపోతుంది. 2021, 2023 అంకెలను ఒకే గీతతో కలిపిన గ్రాఫు ఎక్కడ చూసినా 2022 దగ్గర గీతను తెంపాలి. లేదా మండలాలవారీగా విప్పి, పాత హద్దుల్లోనో కొత్త హద్దుల్లోనో ఒకేలా మళ్ళీ కూర్చాలి. విజయనగరం విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది, అక్కడ హారం రెండువైపులా కదిలింది: రాజాం చేరింది, పార్వతీపురం పోయింది.

ముప్పై మంది ఊరు

ఇ గ్రామం సంగతికొద్దాం. 30లో 9. దీనికి విల్సన్ పద్ధతిలో 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు శాతం ఉండగలదని నమ్మదగ్గ హద్దులు) కడితే 17 నుంచి 48 శాతం దాకా వస్తుంది. అంటే ఇ గ్రామపు అసలు శాతం అ గ్రామం కన్నా తక్కువైనా కావొచ్చు, ఆ గ్రామానికి దాదాపు రెట్టింపైనా కావొచ్చు. అదే పద్ధతిలో అ గ్రామానికి 14.9 నుంచి 21.6, ఆ గ్రామానికి 22.2 నుంచి 30.8. ఇ గ్రామం గీత వాటి రెంటి మీదా పడేంత పొడవు. క్యాంపుకు ఇంకో ఇద్దరు ఆరోగ్యవంతులు వచ్చి, గీత కిందున్నవాళ్ళలో ఇద్దరు రాకపోయి ఉంటే 30లో 7, అంటే 23 శాతం, ఎరుపు దిగిపోయేది.

మ్యాపులో చిన్న ఊళ్ళు ఎప్పుడూ రెండు కొసల్లోనే కనిపిస్తాయి, అన్నిటికన్నా ఎరుపుగానో అన్నిటికన్నా తెలుపుగానో. జబ్బుతో దానికి సంబంధం లేదు, తక్కువమందిని లెక్కపెడితే శాతం అటూ ఇటూ ఊగుతుంది. ఇది చూపడానికి ఫనెల్ ప్లాటు మ్యాపు కన్నా మెరుగు. అడ్డంగా పరీక్షించినవాళ్ళ సంఖ్య, నిలువుగా శాతం. మధ్యలో మొత్తం సగటు: 930లో 204, అంటే 22 శాతం. దాని చుట్టూ హద్దులు. 30 మందికి 7 నుంచి 37 శాతం, 400 మందికి 17.9 నుంచి 26.1, 500 మందికి 18.4 నుంచి 25.6. ఇప్పుడు చుక్కలు పెడితే అందరినీ భయపెట్టిన ఇ గ్రామం హద్దుల లోపలే హాయిగా ఉంది. హద్దు దాటినవి అ, ఆ గ్రామాలే, అదీ వెంట్రుకవాసిలో. ఆ తేడా కూడా వయసుదేనని పైన చూశాం.

చివరికి మ్యాపు మీద మిగిలిన కథ: ఈ మూడు ఊళ్ళ మధ్య తేడా ఉందని చెప్పడానికి ఈ షీటు చాలదు. మూడింటిలోనూ జబ్బు లేదని దీనర్థం కాదు. ఐదింట ఒక వంతు అనేది ఎక్కడైనా భయపడాల్సిన అంకే. విద్యార్థులకు ఈ రెండు మాటలూ ఒకేసారి పట్టుకోవడం కష్టంగా ఉంటుంది. లెక్కను అనుమానించడం మొదలుపెట్టినవాళ్ళు ఒక్కోసారి జబ్బునే అనుమానిస్తారు.

రంగు, హద్దు, ఖాళీ

రంగుల సంగతి త్వరగా ముగించొచ్చు. మండలాలవారీ మ్యాపులో మందస లాంటి, కొండలు కలిసిన పెద్ద మండలం కన్ను మొత్తాన్ని లాక్కుంటుంది, జనం కిక్కిరిసిన చిన్న మండలం చుక్కలా మిగులుతుంది. క్యూజీఐఎస్‌లో తరగతులను సమాన అంతరాలుగా విడగొడితే ఒక బొమ్మ, సమాన సంఖ్యలుగా విడగొడితే ఇంకో బొమ్మ వస్తాయి. రెండో పద్ధతిలో ఊళ్ళ మధ్య తేడా అర శాతమే ఉన్నా ఒక గుంపు తప్పనిసరిగా ముదురు ఎరుపులో పడుతుంది. హద్దులు ముందే అర్థమున్న అంకెలతో, 10, 20, 30 అని, చేత్తో పెట్టుకోవడం మేలు. ఎరుపు-ఆకుపచ్చ జంట వద్దు, ఆ రెండూ వేరుచేసి చూడలేని మగవాళ్ళు తక్కువేం కాదు. పైగా పీహెచ్‌సీ గోడకు ఎక్కేది నలుపు-తెలుపు జిరాక్సు. ఒకే రంగు లేత నుంచి ముదురుకు పోతే జిరాక్సులోనూ బతుకుతుంది.

ఖాళీల విషయంలో మాత్రం పట్టుదల కావాలి. షీటులో ఒకే ఊరి పేరు మూడు స్పెల్లింగుల్లో ఉంటుంది. 'కొత్తూరు' అని ఒకచోట, 'కొత్తురు' అని ఇంకోచోట. మ్యాపు ఫైలులోని పేరుతో కలవని ఊరు కలపలేక తెల్లగా మిగిలిపోతుంది. చూసేవాళ్ళు తెలుపంటే జబ్బు లేదనుకుంటారు. పేర్లతో కాకుండా జనగణన గ్రామ కోడుతోనో ప్రభుత్వ ఎల్‌జీడీ కోడుతోనో కలపాలి. పరీక్షలే జరగని ఊళ్ళకు తెలుపు వేయకుండా బూడిదరంగు గీతలు కొట్టాలి. డయాలసిస్ రికార్డుల నుంచి మ్యాపు గీస్తే ఇంకో జాగ్రత్త: చిరునామా గడిలో రోగి సొంతూరు ఉందా, వైద్యం కోసం అద్దెకున్న విశాఖ గది ఉందా చూడాలి.

తెలుగులో లేబుళ్ళు పెట్టేవారికి ఒక మాట. పైథాన్‌లోని మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలా వెర్షన్లలో తెలుగు వత్తులను సరిగా కూర్చదు. నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఇచ్చినా 'క్రియాటినిన్'లో క్రావడి విడిపోతుంది. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ర్యాగ్ అనే ప్యాకేజీతో బొమ్మ సేవ్ చేస్తే అక్షరాలు కుదురుగా వస్తాయి. లేదా అక్షరాలు లేని బొమ్మ తీసి, లేబుళ్ళను లిబ్రెఆఫీస్‌లో పెట్టుకోవచ్చు. లేబుళ్ళు విరిగిపోతున్నాయని ఇంగ్లీషుకు మారిపోతే ఆ చార్టు ఆశా కార్యకర్తకు పనికిరాదు.

ఏడాదికేడాది పెరిగే గీత

విద్యార్థి రెండో బొమ్మ డయాలసిస్ సంఖ్యలది, నిలువుగా ఎగబాకే గీత. దీన్ని చూసి 'జబ్బు పెరుగుతోంది' అనే ముందు అడగాల్సినవి ఉన్నాయి. అంకె రోగులదా, సెషన్లదా? వారానికి రెండుసార్లు చేయించుకునే ఒక్క మనిషి ఏడాదికి 104 సెషన్లు, మూడుసార్లయితే 156. వార్తల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతాయి. యంత్రాలు ఎప్పుడు పెరిగాయి? కుర్చీ లేనప్పుడు ఇంట్లోనే పోయిన మనిషి ఏ గ్రాఫులోనూ లేడు. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను 2019లో వచ్చింది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. పేరు నమోదు చేయించుకోవడానికి కారణం దొరికితే నమోదు పెరుగుతుంది. ఈ సంవత్సరాలను గ్రాఫు మీదే నిలువు గీతలుగా గీసి పేరు రాయాలి.

వైద్యం మెరుగైనా ఈ గీత పెరుగుతుందన్నది చాలామందికి మింగుడుపడదు. ఏటా కొత్తగా 100 మంది డయాలసిస్‌కు వస్తూ, సగటున ఒక ఏడాది బతికితే ఏ రోజు చూసినా దాదాపు 100 మంది ఉంటారు. అదే 100 మంది కొత్తవాళ్ళే వస్తూ సగటున మూడేళ్లు బతికితే 300 మంది ఉంటారు. కొత్తగా జబ్బుపడ్డవాళ్ళు ఒక్కరూ పెరగలేదు, బతికున్నవాళ్ళు పెరిగారు. కొత్త రోగులు, ఉన్న రోగులు అని రెండు గీతలు వేరుగా గీయకపోతే మంచి వార్త చెడ్డ వార్తలా కనిపిస్తుంది.

హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో వస్తున్న తాగునీటి ఫలితాన్నీ ఇలాంటి గీతతోనే తేల్చాలని విద్యార్థులు ఆరాటపడతారు. నీరు వచ్చిన ఏడాది దగ్గర గీత గీసి, ముందూ వెనకా పోల్చడం. ఉద్దానం జబ్బుకు నీరే కారణమని ఇంకా రుజువు కాలేదు. ఎండలో శ్రమ, పురుగుమందులు, నీటిలోని సిలికా, జన్యు కారణాలు అన్నీ పరిశీలనలోనే ఉన్నాయి. ఒకవేళ నీరే అయినా, ఏళ్ల తరబడి నెమ్మదిగా పాడైన కిడ్నీ కొళాయి మారిన ఏడాదే గ్రాఫులో కోలుకోదు. ఊరి సగటు సిలికానూ ఊరి సగటు ఈజీఎఫ్ఆర్‌నూ చుక్కలుగా పెట్టి వాలు గీత గీసినా, ఆ నీళ్ళు తాగిన మనిషికే జబ్బొచ్చిందని అది చెప్పదు. మనిషి స్థాయిలో కొలిచిన డేటా కావాలి.

ఊరివాళ్ళు చూస్తే

నాలుగో ప్రశ్న. 30 మంది ఊళ్ళో 9 చుక్కలు ఇళ్ళ మీద పెడితే ఎవరిల్లో చిన్నపిల్లలకూ తెలుస్తుంది. ఆ ఇంటికి పిల్లనివ్వాలా వద్దా అనే దాకా పోతుంది. ఇంటి స్థాయి చుక్కలు బయటికి వెళ్ళే బొమ్మలో ఉండకూడదు. ఒక గడిలో ఐదుగురి కన్నా తక్కువుంటే అంకె బదులు '5 లోపు' అని రాసి, మొత్తంలోంచి తీసివేసి కనుక్కోకుండా పక్క గడిని కూడా కలిపేయాలి. షీటులో పేరు కాలమ్‌ను మొదటి రోజే తీసి, వరుస సంఖ్యతో వేరే ఫైలులో దాచాలి. రెండోసారి పరీక్షకు పిలవడానికి ఆ ఫైలు ఏఎన్ఎం దగ్గర మాత్రమే ఉండాలి.

తిరగరాసిన బొమ్మలో మ్యాపు లేదు. మూడు చుక్కలు, మూడు అడ్డగీతలు, కింద 0 నుంచి 60 దాకా స్కేలు. ప్రతి ఊరి పేరు పక్కన ఎంతమందిని పరీక్షించారో ఉంది. ముడి శాతం నిండు చుక్కగా, వయసు సర్దినది ఖాళీ చుక్కగా ఉన్నాయి. ఇ గ్రామానికి ఖాళీ చుక్క లేదు: ముప్పై మందిని మూడు వయసు గుంపులుగా విడగొడితే మిగిలేదేమీ ఉండదు. బొమ్మ కింద రాసినది: 'క్యాంపుకు వచ్చినవారిలో, ఒక పరీక్షలో ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువ ఉన్నవారి శాతం. సీకేడీ-ఎపి 2021. అ గ్రామం నమూనాలు వేరే ల్యాబులో చేసినవి. ఇంటింటి జాబితాతో పోల్చలేదు.'

ఇక 3 నెలల పరీక్ష. అ గ్రామంలో గీత కిందున్న 90 మందిని మళ్ళీ పిలిస్తే 65 మంది వచ్చారనుకుందాం. వారిలో 45 మందికి ఇంకా తక్కువే. విద్యార్థులు ఇక్కడ 65లో 45 అని 69 శాతం కడతారు, లేకపోతే 500లో 45 అని 9 శాతం కట్టి ఊరుకుంటారు. రాని 25 మంది ఎక్కడున్నారో తెలిసేదాకా అ గ్రామపు అంకె ఒకటి కాదు, రెండు. వాళ్ళందరూ బాగుపడి ఉంటే 500లో 45, అంటే 9 శాతం. ఎవరూ బాగుపడకపోతే 500లో 70, అంటే 14 శాతం. బొమ్మ మీద ఈ రెండు కొసల మధ్య ఒక పట్టీ గీయాలి. ఆ 25 పేర్లను ఏఎన్ఎం జాబితాతో పోల్చి చెన్నై పనికి వెళ్ళినవాళ్ళను ఒక వరసలో, డయాలసిస్ కేంద్రంలో చేరినవాళ్ళను ఇంకో వరసలో, చనిపోయినవాళ్ళను వేరే వరసలో రాసుకోవాలి. ఒక్కో వరస తేలేకొద్దీ పట్టీ సన్నబడుతుంది. డయాలసిస్‌లో చేరిన పేరు ఒక్కటి దొరికినా కింది కొస 9 దగ్గర ఉండదు, పైకి జరుగుతుంది.